మా చెల్లెలని నేనే చెప్పాను

పరాయి దేశంలో మేముండే ఈ వెర్రిబీ ఊళ్ళో అద్దె ఇల్లు ఎలా సంపాదించాలో నన్నడగండి, చెబుతాను. శనివారం ఇల్లు చూపించే ఇన్‌స్పెక్షన్‌కి చెప్పిన టైముకన్నా ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడాలి. చెప్పులు బయటే విప్పాలి. ఏజెంటు అమ్మాయి అక్కర్లేదన్నా విప్పాలి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళాలి గానీ వాళ్ళు గోడల మీద చేతులు వేయకూడదు. వంటగదిలోకి అడుగు పెట్టగానే "ఇదేం స్టవ్వు, గిన్నె పెడితే నిండిపోయేట్టుంది" అని తెలుగులో గొణుక్కోకూడదు. భాష రాకపోయినా మొహం వాళ్ళకి అర్థమవుతుంది. వేపుళ్ళూ పోపులూ వెనక వరండాలో విడిగా పెట్టుకున్న స్టవ్ మీద చేసుకుంటామని అడక్కుండానే చెప్పేయాలి. కాగితాలన్నీ ముందురోజే ఫోన్లో సిద్ధంగా ఉంచుకుని, కారెక్కేలోపు అప్లికేషన్ పెట్టేయాలి. ఇంటికెళ్ళి, భోంచేసి, మొగుడితో మాట్లాడి, వర్జ్యం చూసి పెడదామనుకుంటే ఆ ఇల్లు అప్పటికే ఇంకొకరిదై ఉంటుంది.

ఇవన్నీ నేను మొట్టికాయలు తిని నేర్చుకున్నవి. నాకెవరూ చెప్పలేదు. అందుకే అడిగిన వాళ్ళకల్లా చెప్పాను. ఆమెకీ చెప్పాను. ఆమెకైతే చెప్పి ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని నడిపించాను.

ఆమె నాకు పరిచయమైంది మన సరుకుల కొట్లో. పిండి సంచుల ముందు నిలబడి ఒక్కొక్క సంచీ తిప్పి తిప్పి చదువుతోంది. నన్ను చూసి, నా మెళ్ళో నల్లపూసలు చూసి, "అక్కా, మీరు తెలుగోళ్ళే గదా?" అంది. వరంగల్ వైపు అమ్మాయి, నాకన్నా బాగా చిన్నది. భర్తకి ఉద్యోగం మీద వీసా వచ్చి కొత్తగా దిగారు.

"ఈ దేశంల గోధుమపిండి గిట్లనే ఉంటదా అక్కా? చపాతీ జేస్తే కేకు లెక్క పొంగుతుంది. మా ఆయన తినలేక తినలేక తిన్నడు."

సూపర్‌మార్కెట్లో ఏం కొన్నావమ్మా అని అడిగితే ఫోన్లో ఫోటో చూపించింది. సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్. నాకు నవ్వాగలేదు. "అది కేకులకి వాడే పిండి తల్లీ, బేకింగ్ పౌడర్ కలిపే అమ్ముతారు" అని చెప్పి, చపాతీలకి వాడే ఆటా పిండి సంచీ తీసి ఆమె ట్రాలీలో పెట్టాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. పిండి కోసం ఎవరూ ఏడవరు. దిగిన కొత్తలో నేనూ వేణ్ణీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో తెలీక ఒక కొళాయి దగ్గర అలాగే ఏడ్చాను, కాబట్టి నాకు తెలుసు. ఆ రోజే ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాను.

అప్పట్నించీ రోజూ ఫోనే. ఎర్ర మూత చెత్తడబ్బాలో ఏం వేయాలి, పసుపు మూత డబ్బాలో ఏం వేయాలి. పోపు పెడితే పొగ అలారం కొంప అంటుకున్నట్టు అరుస్తోంది, ఏం చేయాలి. అలారం కింద తువ్వాలు ఊపు, కిటికీలు తెరువు, పోపు మాత్రం మాననక్కర్లేదు అన్నాను. పిల్లాడి లంచ్‌బాక్స్‌లో పల్లీచట్నీ పెడితే బడివాళ్ళు వెనక్కి పంపించారు, ఎందుకు. క్లాసులో పల్లీలు పడని పిల్లలుంటారు కాబట్టి. ఎవరైనా 'హౌ ఆర్ యూ' అంటే నడుంనొప్పి గురించి చెప్పక్కర్లేదు, గుడ్ అని నడిచిపోవాలి. డ్రైవింగ్ టెస్ట్‌లో పక్కకి తిరిగేముందు తల తిప్పి భుజం మీదుగా చూడకపోతే అంతే సంగతులు. రెండుసార్లు ఫెయిలైతే నేనే కారులో కూర్చుని తిప్పాను. "మీరే లేకుంటే మేం ఆగమైపోతుంటిమి అక్కా" అనేది. నాకు ఆ మాట బావుండేది. ఎందుకు బావుండదు? మా ఆయన ఆఫీసుకి పోతే, నేను ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళని చూసుకునే షిఫ్ట్ చేసుకుని వస్తే, ఈ దేశంలో నన్ను అక్కా అని నోరారా పిలిచే మనిషి ఇంకెవరున్నారు.

ఎక్కడికి వెళ్ళినా ఆమెని వెంటబెట్టుకు వెళ్ళేదాన్ని. మందుల షాపులో, లైబ్రరీలో, బడి గేటు దగ్గర, ఎవరడిగినా "మై సిస్టర్" అని చెప్పేదాన్ని. మనం అలాగే కదా చెప్తాం. ఫ్రెండ్ అంటే అదేదో నిన్న బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిలా ఉంటుంది. నన్ను అక్కా అని పిలిచే పిల్లని సిస్టర్ అనక ఇంకేమంటాను. ఒక్కసారి కూడా ఆలోచించి అన్న మాట కాదది.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతా దాని గురించే.

మా అమ్మాయికి నత్తి. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది, కానీ ఏ భాషైనా కొన్ని అక్షరాల దగ్గర గొంతు బిగుసుకుపోతుంది. అందులోనూ దాని పేరు మొదటి అక్షరమే దానికి అడ్డం. నక్షత్రం ప్రకారం ఏ అక్షరం వచ్చిందో చూసుకుని, వాళ్ళ నాన్న ఎన్నో రోజులు ఆలోచించి పెట్టుకున్న పేరు. చిన్న క్లాసుల్లో పిల్లలు నవ్వారు. ఒక ఏడాదంతా బడిలో నోరే విప్పలేదు. నేను తిరగని స్పీచ్ థెరపీ లేదు, మొక్కని దేవుడు లేడు. చివరికి దాన్ని మాట్లాడించింది వియత్నాం వాళ్ళ పిల్ల ఒకర్తి, దాని క్లాస్‌మేట్. ఆ పిల్ల చేసిందల్లా ఆగడమే. మా అమ్మాయి మాట మధ్యలో చిక్కుకుపోతే మిగతావాళ్ళలా అందించదు, నవ్వదు, పక్కకి చూడదు. మాట బయటికి వచ్చేదాకా అలా నిలబడి ఉంటుంది, బస్సు కోసం ఆగినట్టు. ఆ పిల్ల పక్కనుంటే మా అమ్మాయి తన పేరు తను చెప్పుకునేది.

ఇద్దరూ ఆరో తరగతికి వచ్చారు. పై ఏడాది హైస్కూలు. ఇక్కడ సర్కారు బడికి జోన్ ఉంటుంది. ఏ వీధిలో కాపురముంటే ఆ జోన్ బడిలోనే సీటు, అడ్రసు రుజువు చూపించాలి. ఆ పిల్ల వెళ్ళబోయే బడి జోన్‌లోనే మా అద్దె ఇల్లు కూడా ఉంది. ఇంక నాకేం బెంగ అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాం, ఖాళీ చేయండన్నాడు.

ఆ జోన్‌లో ఇళ్ళు తక్కువ, ఆశపడేవాళ్ళు ఎక్కువ. ప్రతి శనివారం వెళ్ళేవాళ్ళం. వీధి మలుపు దాకా వరస, అందులో సగంమంది మనవాళ్ళే. ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి, నవ్వీ నవ్వనట్టు నవ్వుకుని, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళం. నేను ఇల్లు సంపాదించడం నేర్పిన వాళ్ళే నా ముందు వరసలో ఉండేవాళ్ళు. అన్నిచోట్లా కాదన్నారు. మా అమ్మాయి ఏమీ అడిగేది కాదు. శనివారం మధ్యాహ్నం మేం తిరిగి రాగానే గదిలోంచి వచ్చి నా మొహం చూసి మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయేది.

ఆ హైస్కూలు వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చి వెర్రిబీ సౌత్‌లో కూరగాయల తోటల్లో జీవితమంతా పనిచేసిన మనిషి. నేను పొద్దున నడకకి వెళ్ళినప్పుడు ముందు తోటలో టమాటాలకి కర్రలు కడుతూ కనిపించేవాడు. అలా పరిచయం. నేను మన దోసకాయల గింజలు నారు పోసి ఇచ్చాను. కాయలు పసుపుపచ్చగా పండాక, "ఇది ముదిరిపోయింది, పారేయి" అని నాతో వాదించాడు. పప్పులో వేసి వండి తెచ్చి తినిపిస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ వరంగల్ అమ్మాయి ఒకసారి నా వెంట నడకకి వచ్చినప్పుడు ఆమెని ఆయనకి కూడా చూపించాను. "మై సిస్టర్" అన్నాను. ఆయన టోపీ తీసి పలకరించాడు.

మోకాళ్ళు పనిచేయడం లేదని, జీలాంగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతానని, ఇల్లు అద్దెకిచ్చేస్తానని ఆయనే ఒకరోజు చెప్పాడు. "ఏజెంట్లకి ఇవ్వను. వాళ్ళకి తోట గడ్డిలా కనిపిస్తుంది. నీలాంటి వాళ్ళకయితే ఇస్తాను" అన్నాడు. నేను వెంటనే మా అమ్మాయి సంగతి, బడి సంగతి అంతా చెప్పేశాను. ఆయన మట్టి చెయ్యి పాంటుకి తుడుచుకుని నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఈస్టర్ సెలవులయ్యాక కూతురు వస్తుంది, కాగితాలు తను రాస్తుంది, అప్పుడు రండి అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. "పనయ్యేదాకా ఎవరితోనూ అనకు" అన్నాడు. అందరం అంతే కదా. ఇక్కడే ఉండిపోయే పర్మనెంట్ వీసా, పీఆర్, వచ్చేదాకా చెప్పం, కడుపొస్తే మూడోనెల దాటేదాకా చెప్పం, ఇల్లు కొంటే గృహప్రవేశం పిలుపు దాకా చెప్పం. దిష్టి. నేనూ నోరు మూసుకునే ఉందామనుకున్నాను. కానీ సంతోషం పట్టలేక ఆమెకి చెప్పేశాను. ఆమె పరాయి మనిషి కాదు కదా!

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "మంచిగైంది అక్కా. బిడ్డ ముఖం జూస్తే నాకే పానం గుంజుతుండె. ఎవ్వరికీ చెప్పకున్రి, దిష్టి తగుల్తది" అంది.

తరవాత నాకు పొద్దున షిఫ్టులు వేశారు. నడకకి వెళ్ళడం కుదరలేదు. ఆ పెద్దాయన ఫోనెత్తడు. మనం మర్చిపోయామనుకుంటాడేమోనని, దోసకాయ పప్పూ అన్నమూ డబ్బాలో పెట్టి ఆమెకి ఇచ్చాను. "ఆయనకి ఇచ్చి, అక్కకి డ్యూటీ పడింది, సెలవులయ్యాక వస్తుంది అని చెప్పు" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు పంపాను. వెళ్ళొచ్చి, "ముసలాయన మస్తు తిన్నడక్కా, మిమ్మల్ని అడిగిండు" అని చెప్పేది. నేను ఇంక ఇన్‌స్పెక్షన్లకి వెళ్ళడం మానేశాను. ఇల్లు ఉండగా శనివారాలు ఎందుకు పాడుచేసుకోవడం? మా అమ్మాయికీ చెప్పేశాను. అది ఫోన్ తీసుకుని గదిలోకి పరిగెత్తింది. తలుపు వెనకనుంచి దాని నవ్వూ, ఫోన్లో ఆ వియత్నాం పిల్ల కేకలూ వినపడ్డాయి.

సెలవులయ్యాక కాగితాలన్నీ పట్టుకుని మా ఆయనా నేనూ వెళ్ళాం. వరండా నిండా అట్టపెట్టెలు. పెద్దాయన నన్ను చూడగానే చేతులు చాచాడు. మొహమంతా నవ్వు.

"ఇల్లు దొరికిందట కదా! యువర్ సిస్టర్ టోల్డ్ మీ. బడి పక్కనే పెద్ద ఇల్లట. నీ బిడ్డ కోసం నేను ప్రార్థన చేశాను తెలుసా!"

నాకు అర్థం కాలేదు. ఏ ఇల్లు అన్నాను.

"మీకు వేరే ఇల్లు దొరికిందని, అందుకే మీరు రావడం లేదని చెప్పింది. ఈ ఇంట్లో తను ఉంటానంది. తనకీ ఒక పిల్లాడున్నాడట, అదే బడికట. నేను సంతోషంగా ఇచ్చేశాను. మా కూతురు అనుకున్నదానికన్నా ముందే, పోయినవారమే వచ్చి సంతకాలు పెట్టించింది." నా భుజం తట్టాడు. "ఇట్ స్టేస్ ఇన్ ది ఫ్యామిలీ. నాకు అదే కావాలి."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను. ఆమె నా చెల్లెలు కాదు అన్నాను. మాకు ఏ ఇల్లూ దొరకలేదు అన్నాను. ఆయన అయోమయంగా చూశాడు. "మరి నువ్వే కదా చెప్పావు, సిస్టర్ అని? తిండి కూడా తనతోనే పంపావు" అన్నాడు.

ఏమని చెప్పను. మేం అందర్నీ అలాగే పిలుస్తాం, పాలు పోసే మనిషినీ అక్కా అంటాం, బస్సులో చోటిచ్చిన వాణ్ణీ అన్నా అంటాం, ఆ పిలుపుకి రక్తంతో పనిలేదు అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. ఏదో చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. విని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లిగా అన్నాడు:

"నేనూ మా తమ్ముడితో చాలాకాలం మాట్లాడలేదు. ఒక పొలం గట్టు గురించి. వాడు పోయాక ఏడ్చాను. నా మాట విను, నీ చెల్లెలితో కూర్చుని మాట్లాడుకో. ఇంటి కోసం అక్కచెల్లెళ్ళు పోట్లాడుకోకూడదు."

అంతా విని ఆయనకి అర్థమైంది అదన్నమాట! మేం సొంత అక్కచెల్లెళ్ళం, ఇంటి కోసం కొట్టుకుంటున్నాం. ఇంకా ఆపే వీలుందేమోనని ఆయన చేత కూతురికి ఫోన్ చేయించాను. సంతకాలయ్యాయి, చట్టప్రకారం ఇంక వెనక్కి తీసుకోలేం, సారీ అందావిడ. ఆవిడ గొంతులోనూ ఆ ధోరణే వినపడింది. వీళ్ళ కుటుంబ గొడవ మా నెత్తికెందుకని.

అక్కణ్ణించి తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను. మా ఆయన వద్దు, వద్దు అంటూనే కారు నడిపాడు. వెనక వరండాలో స్టవ్ పెట్టుకుని సకినాలు వేయిస్తోంది. వేపుళ్ళు అక్కడ చేసుకోవాలని చెప్పింది కూడా నేనే. నన్ను చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా "రండక్కా, కూసోన్రి" అంది.

"నాకు ఇల్లు దొరికిందని ఎవరు చెప్పారే నీకు?"

"గట్ల కాదక్కా..."

"ఎట్లానో చెప్పు. వింటాను."

స్టవ్ ఆపింది. చీరకొంగు కూడా కాదు, నైటీ అంచు చేతుల్లో నలుపుతూ నిలబడింది. "నేను అడగలేదక్కా. డబ్బ ఇయ్యనీకె పోయినప్పుడు ఆయననే అడిగిండు, మీ అక్క ఎందుకొస్తలేదు, ఇల్లు అక్కరలేదా అని. నా నోట్లకెల్లి అట్లొచ్చింది. దొర్కింది అన్న. మీకు దొరకకుంట ఉంటదా? ఈ ఊర్ల మీకు తెల్వనోళ్ళు ఎవరున్నరు? ఏజెంట్లకాడ ఎట్ల మాట్లాడాల్నో మీకెర్క. మీకు ఇయ్యాల కాకుంటే రేపు దొర్కుతది. మాకు ఎవ్వరిస్తరక్కా? మా పోరనికి గా బడి దొరకాల్నంటే ఎట్ల?"

"నా బిడ్డ సంగతి నీకు తెలీదా?"

ఆమె తల దించుకుంది. "తెల్సు."

ఆ ఒక్క మాటకి నా ఒళ్ళంతా కారం చల్లినట్టయింది. తెలియక చేసిందనుకుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలుసట! నా వంట పట్టుకెళ్ళి, నా పేరు చెప్పి, నా చెల్లెలిలా నిలబడి, నా బిడ్డ సంగతి తెలిసే చేసింది. మరి నాకు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదే, రోజూ ఫోన్ చేస్తూ కూడా, అని అరిచాను.

"పని కాకముందే ఎట్ల చెప్పాలక్కా," అంది. "దిష్టి తగుల్తదని."

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఎవరి దిష్టి? నాదే! నా ఇంటికి నా దిష్టి తగులుతుందని నాకు చెప్పలేదు. మా ఆయన నన్ను బయటికి లాక్కొచ్చాడు. ఆమె వెనకే వస్తూ, "కోపం జేస్కోకున్రి అక్కా, మీరు మా అక్కలెక్క" అంది. "ఇంకోసారి అక్కా అన్నావంటే పళ్ళు రాలగొడతాను" అన్నాను. వీధిలో కుక్కని తిప్పుతున్న ఒక తెల్లాయన ఆగి చూశాడు. చూడనీ.

మనవాళ్ళకి తెలిసింది. తెలియకుండా ఉంటుందా? ఒకావిడ, "పోనీలెండి ఆంటీ, ఇల్లే కదా" అంది. ఇంకొకావిడ, "మీరు ముందే కాగితం రాయించుకోవాల్సింది" అని నాకే సలహా చెప్పింది. నేను సలహా చెప్పిన వాళ్ళందరూ నాకు సలహాలు చెప్పారు. ఆమె పాలు పొంగించుకున్న రోజు వీళ్ళలో సగంమంది వెళ్ళి భోంచేసి వచ్చారు. బూరెలు బావున్నాయట.

మాకు అవతలి పేటలో, వేరే జోన్‌లో ఇల్లు దొరికింది. పెద్ద ఇల్లే. నాలుగు గదులు. మా అమ్మాయికి సంగతి చెప్పడానికి నేను రెండుమూడుసార్లు దాని గది దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. చివరికి మా ఆయన చెప్పాడు. అది ఏడవలేదు. "ఇట్స్ ఓకే" అంది, 'ఓ' దగ్గర చాలాసేపు చిక్కుకుని. దాని ఫ్రెండ్ వాళ్ళమ్మతో నేను మాట్లాడాను. వీకెండ్‌లో కలుసుకోవచ్చు అనుకున్నాం. కొన్నాళ్ళు కలుసుకున్నారు కూడా. పిల్లల వీకెండ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, డాన్స్ క్లాసులూ ట్యూషన్లూ బర్త్‌డేలూ.

కొత్త ఇంట్లో సామాన్లు సర్దుకుంటుండగా ఆమె నుంచి మెసేజ్. అప్పటిదాకా ఫోన్లు చేస్తే ఎత్తలేదు నేను. ఒక ఫోటో పెట్టింది, ఆ పెద్దాయన వంటింటి తెల్లరాయి గట్టు, దాని మీద అరచేతి వెడల్పున పసుపు మరక. కింద, "అక్కా, ఇది ఎట్ల పోతది?"

నాకు తెలుసు ఎలా పోతుందో. వంటసోడా తడిపి రాసి, కిటికీ తెరిచి ఎండ తగలనివ్వాలి. టైప్ చేశాను కూడా. అలవాటు. వేళ్ళు వాటంతటవే రాసేశాయి. రాసిందంతా చెరిపేసి, ఆమె నంబరు బ్లాక్ చేశాను. అంత సిగ్గులేకుండా ఎలా అడగగలిగిందని వారం రోజులు గింజుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, సిగ్గు ఎందుకుంటుంది? ఆమె దృష్టిలో నేను చెప్పే మనిషిని. చెప్పే మనిషికి ఏదీ అవసరం ఉండదు. పోయేదేమీ ఉండదు.

ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఇన్‌స్పెక్షన్ గురించి చెప్పడానికి ముందు ఇంకో మాట చెబుతున్నాను. ఇక్కడివాళ్ళ ముందు ఎవర్నీ చెల్లెలనీ తమ్ముడనీ పరిచయం చేయకండి. మీరు వరస కలిపారని వాళ్ళకి తెలీదు. ఇంటి తాళాలు ఇచ్చేస్తారు.

జనవరి చివర బడులు తెరిచారు. మొదటిరోజు నేను షిఫ్ట్ మార్చుకుని మా అమ్మాయిని కొత్త హైస్కూల్లో దింపి, సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. మా అమ్మాయి ఒక్కతే, పెద్ద బ్యాగు, ఎండకి ఎర్రబడ్డ మొహం. నేను పేరు పెట్టి పిలిచాను. గోలలో వినపడలేదు. దాని వెనకాల నడుస్తున్న ఒక పిల్ల ఏదో ఇంగ్లీషు పేరుతో గట్టిగా కేకేసింది. రెండక్షరాల పేరు, ఇక్కడ వీధికి నలుగురికుండే పేరు. మా అమ్మాయి వెంటనే వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

కారెక్కాక అడిగాను. "ఆ పిల్ల ఎవర్నే పిలిచింది?"

బెల్టు పెట్టుకుంటూ, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "టీచర్ మేడ్ అజ్ స్టాండ్ అప్. వన్ బై వన్. సే యువర్ నేమ్."

"చెప్పావా?"

"మైన్ వుడెంట్ కమ్, అమ్మా. ఎవ్రీబడీ వజ్ వెయిటింగ్. ఒక అబ్బాయి లాఫింగ్. సో ఐ సెడ్ దట్ వన్." బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని, "ఇట్ కేమ్ అవుట్ ఈజీ," అంది. "నౌ దే ఆల్ కాల్ మీ దట్."

నేను కారు స్టార్ట్ చేయలేకపోయాను. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఇల్లు పోతే పోయింది, ఇళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు ఈ ఊళ్ళో. నా బిడ్డ నలుగురి ముందూ నిలబడి తన పేరు తనే వదిలేసుకుంది. నేనింక ఎన్నేళ్ళు బతికినా ఆమెని దీనికి క్షమించను. రేపు ఆమె నా కాళ్ళ మీద పడినా సరే.

మా అమ్మాయి నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "అమ్మా, నాన్నకి చెప్పకు," అంది. ఎక్కడా చిక్కుకోకుండా, తెలుగులో అంది. "హి పిక్‌డ్ మై నేమ్."